గేటు తీసిన పెద్దమ్మ

ఎదురింటి పెద్దమ్మ పోయింది. నెల కూడా కాలేదు. పొద్దున్నే దేవుడి గదిలో దీపం పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుని, అలాగే వెళ్ళిపోయింది. కాసేపటికే మా మన్సూరాబాద్ కాలనీ వాట్సాప్ గ్రూపు నిండా దండం పెట్టే చేతుల బొమ్మలు. సేవామూర్తి అన్నారు, తీరని లోటు అన్నారు. చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదే గ్రూపులో ఇదే పెద్దమనుషులు ఆవిడ ఇంటిని కాలనీకి పట్టిన దరిద్రం అని రాశారు. ఆవిడ చేసిన తప్పల్లా తన గేటు తీయడమే.

మీరూ కిరాయి ఇళ్ళలో ఉండి ఉంటే ఈ సంగతి తెలిసే ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా టు-లెట్ బోర్డు ఉన్న ఇళ్ళలో అడిగి చూడండి. ఇంట్లో వంటకు అభ్యంతరం లేదు, పూజకు లేదు, పెళ్ళిచూపులకు లేదు. చావుకు మాత్రం ఉంటుంది. కిరాయికి ఉన్నవాడు దవాఖానలో పోవాలి, అటునుంచి అటే శ్మశానానికి వెళ్ళిపోవాలి.

మా నాన్న పోయినప్పుడు మేం వెనక వీధిలో ఉండేవాళ్ళం. దవాఖాన నుంచి అంబులెన్స్ బయల్దేరకముందే ఓనరు ఫోన్ చేశాడు. “ఏమనుకోకండమ్మా, బాడీని ఇక్కడికి తేవద్దు. పైన చిన్నపిల్లలున్నారు” అన్నాడు. ఏళ్ళ తరబడి మా నాన్నని మాస్టారూ అని పిలిచిన నోటితోనే బాడీ అన్నాడు. అమ్మకేమో నాన్నని కాసేపైనా ఇంటి ముందు పడుకోబెట్టి, స్నానం చేయించి పంపాలని. వీధి మలుపులో అంబులెన్స్ ఆపుకుని మేం దిక్కులు చూస్తుంటే, కూరగాయల సంచితో పెద్దమ్మ వచ్చింది. అప్పటికి మాకు ముఖపరిచయం, అంతే.

“ఏందమ్మా, మనిషిని రోడ్డు మీద పెట్టిండ్రేంది? మా ఇంటికి తీస్కరాండ్రి.”

“మావారు పోయారండీ” అంది అమ్మ, ఆవిడకు అర్థం కాలేదేమోనని.

“ఎరుకనే బిడ్డా. అందుకే రమ్మంటున్న.”

ఆ రోజు ఆవిడ పోర్టికోలో నాన్నని పడుకోబెట్టాం. బాబాయిలు ఊరి నుంచి వచ్చేదాకా ఉంచుకున్నాం. ఎవరూ తొందరపెట్టలేదు. అమ్మ గొంతెత్తి ఏడ్చింది. ఏడవడానికి కూడా ఒక చోటు కావాలని నాకు అప్పటిదాకా తెలియదు.

మేమే మొదటివాళ్ళం కాదు, చివరివాళ్ళమూ కాదు. అంబులెన్స్ డ్రైవర్లకు ఆ గేటు కంఠతా వచ్చేసింది. అందరూ వెళ్ళాక ఆవిడే బకెట్లతో నీళ్ళు పోసి పోర్టికో కడిగేది, తలస్నానం చేసి దీపం పెట్టేది, ఆ తర్వాత ఫ్లాస్కు నిండా చాయ్ చేసి ఆ ఇంటివాళ్ళకు పట్టుకెళ్ళేది. ఆవిడ పైపోర్షన్‌లోకి కిరాయికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. శవాలు దించే ఇల్లని ముందే ఎవరో ఒకరు చెవిలో ఊదేవారు. కిరాయి పోతోందని ఆవిడ కొడుకులు సణిగేవారు.

ఒకసారి నేను పెద్దమ్మ ఇంట్లో ఉండగానే కాలనీ అధ్యక్షుడు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. వినాయకుడి లడ్డూ వేలంలో అందరికంటే ముందు చెయ్యెత్తే భక్తుడు ఆయన. తిథి, నక్షత్రం చూడకుండా ఎవరెవరినో తెచ్చి పెట్టుకుంటే కాలనీకంతా అరిష్టమన్నాడు. పెద్దమ్మ చేట పక్కన పెట్టి లేచింది.

“మంచి నక్షత్రం జూస్కోని ఎవడన్న సస్తడా సారూ? సచ్చిన మనిషి ఏం జేస్తడు? బతికున్నోళ్ళనే జూస్తున్న, గిట్ల గుంపు గట్టి ఒస్తున్నరు.”

నవ్వు ఆపుకోలేక నేను లోపలికి పారిపోయాను. తర్వాత అడిగాను, రోజూ అంత నిష్ఠగా పూజ చేస్తావు కదా, నీకు పట్టింపు లేదా అని.

“పట్టింపు ఉన్నది గనుకనే. గీ ఇల్లు దేవుడిచ్చిండు. నన్నొక్కదాన్నే కాళ్ళు సాపుకోని పండుకొమ్మని ఇచ్చిండా?” అంది. ఆవిడ భక్తి అంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఇంతకంటే పెద్ద మాట ఏ ప్రవచనంలోనూ నేను వినలేదు.

అలాంటి మనిషి పోతే కొడుకులు ఏం చేశారనుకున్నారు? అమ్మ పోయిన నక్షత్రం మంచిది కాదని పంతులుగారు చెప్పారట. కర్మ కాగానే ఇంటికి తాళం వేసి వెళ్ళిపోయారు. కొన్ని నెలలు తెరవకూడదట. ఆవిడ బతుకంతా కాదన్న భయాన్నే తెచ్చి ఆవిడ గేటుకు బిగించారు.

మొన్న మధ్యాహ్నం ఆ గేటు ముందే అంబులెన్స్ వచ్చి ఆగింది. వెనక వీధిలో కిరాయికి ఉండే చీరల కొట్టు గుమాస్తా పోయాడు. డ్రైవరు తాళం చూసి, “పెద్దమ్మ లేదా?” అన్నాడు. చుట్టూ బాల్కనీల్లో జనం. సేవామూర్తి అని రాసినవాళ్ళందరూ ఉన్నారు. అయ్యో అన్నారు కానీ ఒక్కరూ మెట్లు దిగలేదు.

నాకు భయం వేయలేదని చెప్పను. భయం కంటే కోపం ఎక్కువగా ఉంది. ఎదురుగా ఉన్న మా కొత్తింటి గేటు తీశాను. “గృహప్రవేశం అయ్యి ఏడాది కూడా కాలేదే” అన్నాడు మా ఆయన వెనకనుంచి. నేను తిరిగి చూశాను. ఏం కనిపించిందో నా ముఖంలో, తాళంచెవి తెచ్చి కారు వీధిలోకి తీశాడు. ఆ చోట మనిషిని పడుకోబెట్టాం. వచ్చినవాళ్ళ కోసం పక్కనే పెద్ద చాప పరిచాను.

గుమాస్తా భార్య నా దగ్గరకు వచ్చి చేతులు జోడించింది. “అక్కా, జరసేపు ఉండనియ్యి. మా బిడ్డ నల్గొండకెల్లి ఒస్తున్నది. మొఖం సూడంగనే తీస్కపోతం.”

ఎంతసేపైనా ఉండమన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. చాపంతా వదిలేసి, ఎక్కువ చోటు తీసుకుంటే ఏమంటామోనని, గచ్చు మీద ఒక మూలకు ఒదిగి కూర్చుంది.