గాటు పడ్డ సీసం నాణెం

సీసం నాణేలను గుర్తుపట్టడం నాకు నేర్పిన మనిషే నన్ను మోసం చేశాడు. ఈ మాట రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఆయన మా జనగామలోనే ఉండే రిటైర్డ్ సారు. డిగ్రీ చదివే రోజుల నుంచి ఆదివారం వస్తే ఆయన ఇంటికి వెళ్లేదాన్ని. దుక్కి దున్నినప్పుడు, వానకు మట్టి కొట్టుకుపోయినప్పుడు బయటపడ్డ సీసం బిళ్లలు ఆయన దగ్గర ఒక రేకు డబ్బా నిండా ఉండేవి. రాగి పచ్చగా చిలుము పడుతుందనీ, సీసం తెల్లగా సున్నం పూసినట్టు అవుతుందనీ ఆయనే చెప్పాడు. కిటికీ పక్కన, ఏటవాలుగా పడే వెలుగులో నాణేన్ని తిప్పుతూ పోతే అప్పటిదాకా లేని ఏనుగు ఒక్కసారిగా కనిపించేది. వెనకవైపు నాలుగు సున్నాలను కలిపిన గుర్తు ఉంటే శాతవాహనులదని చెప్పుకునేవాళ్లం. "సీసం మెత్తది బిడ్డా, గట్టిగ తోమకు. రెండువేల ఏండ్లు ఉన్నది నీ చేతుల పోతది" అనేవాడు. మా నాన్న చనిపోయాక నన్ను బిడ్డా అని అంత మెత్తగా పిలిచినవాళ్లు వేరే లేరు.

టీచరు ఉద్యోగం వచ్చి గూడూరు దగ్గర ఒక ఊళ్లో చేరాను. ఊరికీ పక్కనున్న తండాకూ మధ్య ఒక పాటిగడ్డ ఉండేది. పాతకాలం ఊరు మట్టిలో కలిసిపోయి దిబ్బగా మిగిలిన చోటు అది. వాన పడితే కుండ పెంకులూ పూసలూ తేలేవి. ఆ దిబ్బ ఊరి పటేలుది. దాని చుట్టూ ఉన్న పత్తిచేలో తండావాళ్లు కూలికి వచ్చేవాళ్లు.

ఒకరోజు బడి విడిచే వేళకు తండా నుంచి ఒకామె వచ్చింది. ఆమె మనవరాలు నా క్లాసులోనే చదువుతుంది. అరచేయి తెరిచి చూపించింది.

"గిదేందో చూడు టీచరమ్మా. కలుపు తీస్తుంటె కొడవలికి తాకింది. వెండి అనుకున్న. బొక్క కొట్టి పిల్ల గాగ్రాకు కుట్టుదామని."

"వెండి కాదక్కా, సీసం. జర బొక్క కొట్టకు. మా సారుకు చూపిచ్చి మల్ల నీకే తెచ్చిస్త."

ఏనుగు వీపు మీద కొడవలి మొన దిగిన గాటు తాజాగా మెరుస్తోంది. ఏనుగు పైన, తెల్లటి పొర కింద, మూడు పాత బ్రాహ్మీ అక్షరాలు ఉన్నట్టు అనిపించింది. ఒకటి 'సి', ఇంకొకటి 'రి' అనుకున్నాను; 'సిరి' అంటే రాజు పేరుకు ముందు వచ్చే మాట, అట్లాంటి నాణెం అరుదు. ఫోన్‌లో ఫొటో తీశాను. ఊళ్లో కంసాలి త్రాసు మీద తూచి, బరువు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాత పటేలు దగ్గరికి వెళ్లి, మా సారు నాణెం చూసి చెప్పేదాకా ఆ దిబ్బను కదిలించొద్దని అడిగాను. ఆయన అప్పటికే పాటిమన్ను ఎరువుగా తన మెట్ట చెలకకు తోలించాలని జేసీబీని మాట్లాడి పెట్టుకున్నాడు.

"అక్షరాలున్నయని మీ సారు చెప్తె ఆపుత. లేకుంటె నా మన్ను నేను తోలుకుంట" అన్నాడు. అది న్యాయంగానే తోచింది.

శనివారం జనగామ వెళ్లి నాణేన్ని సారు చేతిలో పెట్టాను. ఆయన కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. "ఉండనియ్యి బిడ్డా, నానబెట్టి చూస్త" అన్నాడు. పదిహేను రోజుల తర్వాత కాగితంలో చుట్టి ఇచ్చాడు. విప్పి చూస్తే ఏనుగు ఉంది, అక్షరాలు లేవు, గాటూ లేదు.

"అక్షరాలు కావు, చిలుము గట్ల కనబడ్డది. మామూలుదే."

"మరి గాటు, సార్?"

"తోమితె కలిసిపోయింది. సీసం గద."

తోమొద్దని చెప్పిన మనిషి తోమానంటుంటే నేను తలూపాను. తూచి చూడాలని అనిపించింది, కానీ ఆయన్ను అనుమానించినట్టవుతుందని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గుతోనే ఊరికి తిరిగి వచ్చి, చేలో కూలీలందరి ముందు, పటేలు ముందు, ఆమెకు నాణెం ఇచ్చేసి, "ఉత్తదేనటక్కా, అక్షరాలేం లేవట" అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె నాణేన్ని అటూ ఇటూ తిప్పి నా మొహంలోకి చూసింది. ఆ వారంలోనే జేసీబీ వచ్చింది. మూడు రోజుల్లో దిబ్బ ట్రాక్టర్లకెక్కి చెలకల్లో కలిసిపోయింది.

మరుసటి ఏడు భూపాలపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో పాత నాణేల ప్రదర్శన పెట్టారు. సారుకు సన్మానమని తెలిసి, శాలువా కొనుక్కొని బస్సెక్కాను. అద్దాల పెట్టె మధ్యలో ఆ నాణెం ఉంది. ఏనుగు వీపు మీద అదే గాటు. పైన మూడు అక్షరాలు, శుభ్రంగా. కింద కార్డు మీద పాలకుర్తి పరిసరాల్లో సారు స్వయంగా సేకరించినది అని రాసి ఉంది. ఫోన్ తీసి పాత ఫొటోతో పోల్చి చూశాను. అంతలో ఆయనే నా పక్కకు వచ్చాడు.

"సార్, గిది తండా అక్కది."

"మెల్లగ మాట్లాడు. అందరు చూస్తున్నరు."

"నాకు వేరేది ఇచ్చిన్రు."

"నలభై ఏండ్లు తిరిగిన బిడ్డా. గసొంటిది నాకు ఒక్కటి దొర్కలే. కలుపు తీసెటామె పేరు రాస్తె ఎవరు నమ్ముతరు? అయినా నీకు చూసుడు నేర్పింది ఎవరు?"

"మీరు నేర్పిన్రు గనకనే గుర్తుపట్టిన."

ఆయన మొహం తిప్పుకున్నాడు. నిర్వాహకులకు ఫొటో చూపించాను. పెద్దమనుషుల మధ్య గొడవ ఎందుకమ్మా అన్నారు. స్టేజీ మీద ఆయనకు దండ వేస్తుంటే చప్పట్లు వినిపించాయి. నేను శాలువాను సంచిలోనే ఉంచుకొని బస్టాండుకు నడిచాను.

తర్వాత ఫొటో, బరువు, దొరికిన చోటు రాసి పురావస్తు శాఖకు ఉత్తరం పెట్టాను. ఒక ఆఫీసరు వచ్చి చూశాడు. చూడటానికి అక్కడ చదునైన పత్తిచేను తప్ప ఏమీ లేదు. దిబ్బే లేకపోతే నాణెం అక్కడిదని ఎట్లా రాసేదని అడిగాడు.

తండాకు వెళ్లి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె పత్తి బస్తాల మీద కూర్చొని మొత్తం విన్నది.

"నువ్వు ఇచ్చింది నాది కాదని గప్పుడే ఎరుకైంది. గాటు నేను కొట్టింది గద, నాకు తెల్వదా?"

"మరి గప్పుడే ఎందుకు అనలేదక్కా?"

"సదువుకున్నదానివి. అందరి ముందట ఉత్తది అన్నవు. నేనంటె ఎవరింటరు?"

ఆయన నన్నొక్కదాన్నే మోసం చేశాడని అంతవరకూ అనుకుంటూ వచ్చాను. ఆమెకు ఆ మోసం అందింది నా నోటి నుంచి, నా చేతి మీదుగా. క్షమించమని అడగబోయాను.

ఆమె లేచి ఇంట్లోకి వెళ్లి ఒక గుడ్డముడి తెచ్చి విప్పింది. అందులో ఇంకో సీసం బిళ్ల ఉంది.

"దాని పక్కనే దొరికింది గిది. నువ్వు గట్ల అన్నంక చూపియ్యలే." అరచేతిలో పెట్టుకొని నా వైపు చాపింది. "చూడు. నీ చేతికి మాత్రం ఇయ్యను."

నేను చేతులు వెనక్కి కట్టుకొని వంగి చూశాను.