అన్నం లేని ఆదివారం

ఇదంతా ఆదివారం మధ్యాహ్నం రెండూ పదికి, కంచం దగ్గర మొదలైంది. కొడుకూ కోడలూ పెళ్లికని వర్ధన్నపేట పోయారు. కాశిబుగ్గ ఇంట్లో నేనూ, ఎనిమిదేళ్ల మనవరాలూ మిగిలాం.

దానికి పుట్టిన మూడో నెలలోనే షుగర్ వచ్చింది. జన్యువులో లోపమని పరీక్షలో తేలాక సూదులు మాన్పించి మాత్రలు ఇచ్చారు. నాకూ షుగరే, ఇరవై రెండేళ్లుగా. మా మగ్గాల వీధిలో షుగర్ ఉన్నవాళ్లందరిదీ ఒకటే సూత్రం: అన్నం పగ, మాంసం చుట్టం. ఆ పొద్దున పిల్లకు మీటరు నూట తొంభై చూపింది. అందుకని అన్నం వండలేదు.

"నానమ్మా, ఒట్టి కూరనేనా? జర బువ్వ పెట్టరాదే!"

"మీటరు చూసినవా? ముక్కలు తిను."

"మా లెక్కల టీచర్ కంటే ఎక్కువ సతాయిస్తానవ్."

నవ్వుకుంటూనే గిన్నెడు మటనూ, రెండు గుడ్లూ తిన్నది.

మూడూ నలభైకి దాని మెడంతా చెమట. ఏమైందే అంటే మాట రాలేదు. లేచి రెండడుగులు వేసి గడప మీద బోర్లా పడింది. మీటరు నలభై రెండు. చక్కెర నీళ్లు పట్టబోతే పళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. నీళ్లన్నీ చెంప మీదుగా కారిపోయాయి. పక్కింటామె ఆటో పిలిచింది. దవాఖాన దాకా దాని తల నా ఒళ్లోనే ఉంది. షుగర్ ఎక్కితే ఏం చేయాలో నాకు కంఠస్థం. షుగర్ దిగిపోతున్న పిల్లకు బుగ్గ నిమరడం తప్ప ఏమీ చేతకాలేదు.

గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచింది.

"అన్నమెందుకు పెట్టలేదు పెద్దమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"షుగర్ పెరుగుతదని."

"నీ షుగర్ వేరే, ఈమెది వేరే. ఈ గోళీలు మింగే పిల్లకు మటన్ తిన్నా, గుడ్డు తిన్నా ఇన్సులిన్ వస్తది. అన్నం లేకపోతే ఆ ఇన్సులిన్ ఉన్న షుగర్‌ను కూడా దించేస్తది."

"మరి ఎన్ని ముక్కలకు ఎంత అన్నం పెట్టాలె?"

"గింత అని చెప్పలేం. చూసుకుంట పోవాలె."

షుగర్‌లో ఏ ప్రశ్నకైనా జవాబుగా ఒక అంకె ఉంటుందనుకునేదాన్ని.

కోడలు ఆ రాత్రికే వచ్చింది. మర్నాటి నుంచి పిల్ల కంచం తనే పెడుతోంది. నేను నాలుగు పల్లీలు చేతిలో పోసినా పిల్ల వంటింటి వైపు తిరిగి "అమ్మా, తినాల్నా?" అని కేకేస్తుంది. జవాబు వచ్చేదాకా ఇద్దరం అలాగే నిలబడతాం.

పోయినవి: పైవరుసలో ముందుపన్ను సగం, పాలపన్ను కాదు, మళ్లీ రాదు. బడి నాలుగు రోజులు. నేను పెడితే అడగకుండా తినే మనవరాలు.