సాక్ష్యం చెప్పిన తర్వాత

"ఏమైందమ్మా నీకు?" అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండేది. ఏమీ కాలేదు. అదే కదా నా బాధ! ఇంట్లో ఎవరూ పోలేదు, మొగుడు మంచివాడు, తిండికి లోటు లేదు. అయినా ఒకరోజు బడిలో రెండో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్తూ చెప్తూ ఆగిపోయాను. చాక్‌పీసు చేతిలోనే ఉంది, తర్వాత ఏం రాయాలో తెలుసు, చెయ్యి మాత్రం లేవలేదు. పిల్లలు నవ్వారు. నేను బోర్డు వైపు తిరిగి ఏడ్చాను. ఆ తర్వాత బడికి పోలేదు.

మెదక్‌లో ఒక మనిషి పనికి పోవడం మానేస్తే వాడకట్టంతా డాక్టరైపోతుంది. ఒకామె పొద్దున్నే వాకింగ్ చెయ్యమంది. ఒకామె రాగిజావ తాగమంది. పక్కింటి ఖాలా నా గడ్డం పట్టుకుని, "జర నవ్వుకుంట ఉండు బేటీ, అంత మంచిగైతది" అంది. నవ్వాలట! నేనేదో మరిచిపోయి నవ్వడం మానేసినట్టు. ఇక ధైర్యంగా ఉండమన్నవాళ్ళనైతే కొట్టాలనిపించేది. లేచి ముఖం కడుక్కోవడానికే నాకు సగం పొద్దు పట్టేది, ధైర్యం ఎక్కడి నుంచి తేను?

నిద్ర దూరమైంది. అన్నం నోట్లో పెట్టుకుంటే మట్టి నమిలినట్టుండేది. మా వీధి ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థనకు మా అత్తమ్మే పెద్ద. ప్రతి శుక్రవారం మా ఇంట్లోనే జంపఖానా పరిచేవాళ్ళం. వచ్చినవాళ్ళందరూ నాకోసం మోకాళ్ళ మీద ప్రార్థన చేశారు. నేను గోడకు ఆనుకుని వాళ్ళను చూస్తూ కూర్చునేదాన్ని. నా భర్త బస్ డిపోలో మెకానిక్, మాటలు తక్కువ మనిషి. ఒకరోజు డ్యూటీకి పోకుండా బండి బయటికి తీసి, "లే, దవాఖానకు పోదాం" అన్నాడు.

అక్కడ డాక్టరమ్మ నాతో చాలాసేపు మాట్లాడింది. షుగరు, థైరాయిడ్ లాగే ఇది కూడా జబ్బేనంది. గోళీలు వెంటనే పనిచెయ్యవు, కొన్ని వారాలు ఓపిక పట్టాలి, తగ్గినట్టనిపించినా తనను అడగకుండా ఆపొద్దు అని మరీ మరీ చెప్పింది. వేసుకున్నాను. వారాలు గడిచాయి. ఒక పొద్దున వంటింట్లోంచి తాలింపు వాసన వచ్చి నాకు ఆకలి వేసింది. అబ్బ, ఆకలి! కంచంలో అన్నం పెట్టుకుని నిలబడే తిన్నాను. అత్తమ్మ నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ శుక్రవారమే నన్ను సాక్ష్యం చెప్పమన్నారు.

మాలో ఒక పద్ధతుంది. దేవుడు మేలు చేస్తే పదిమంది ముందు నిలబడి చెప్పాలి, లేకపోతే మేలును దాచుకున్నట్టు. చిన్నప్పటి నుంచి వింటున్నాను కాబట్టి సాక్ష్యం ఎట్లా సాగుతుందో నాకు నోటికొచ్చు. ముందు జబ్బు, తర్వాత డాక్టర్లు చేతులెత్తెయ్యడం, తర్వాత ప్రార్థన, చివరికి మందూ మాకూ లేకుండా స్వస్థత. నాది అట్లా జరగలేదు. నా డాక్టరు చేతులెత్తలేదు, నాకు ఆకలి తెప్పించిన దాంట్లో ఆమె గోళీలకూ పాలుంది. కానీ నిలబడి నోరు తెరిచేసరికి నాకు వేరే దారిలో మాట రాలేదు. "ఇప్పుడు నాకు గోళీలతోని పనే లేదు. నా దేవుడు నన్ను ముట్టిండు" అన్నాను. స్తోత్రాలతో ఇల్లు దద్దరిల్లింది. అత్తమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు చూశాక అన్న మాట వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు.

మర్నాడు పొద్దున గోళీ అరచేతిలో పెట్టుకున్నాను. ఇది మింగితే నిన్న చెప్పింది అబద్ధమవుతుంది, అదీ దేవుడి ముందు. ఎవరైనా చూస్తే అత్తమ్మ తల ఎక్కడ పెట్టుకుంటుంది? మింగలేదు. డాక్టరమ్మ చాలన్నదని మొగుడికి చెప్పాను. నమ్మాడు. పాపం, నమ్మాలని ఆయనకు ఎంత ఆశగా ఉందో.

కొన్నాళ్ళు తల తిరిగింది. తర్వాత జబ్బు మళ్ళీ వచ్చింది. ఈసారి కసిగా వచ్చింది. ముందు ఏడ్వగలిగేదాన్ని, ఇప్పుడు ఏడుపు కూడా లేదు. బాత్రూంలో నల్లా విప్పి కూర్చుని, నన్ను తీసుకుపో, నన్ను తీసుకుపో అని దేవుణ్ణి బతిమాలేదాన్ని. నేను లేకపోతేనే వీళ్ళంతా సుఖంగా ఉంటారని నాకు గట్టిగా అనిపించేది, రెండు రెళ్ళు నాలుగు అన్నంత గట్టిగా. బయటికి వచ్చి ముఖం తుడుచుకుని నవ్వేదాన్ని. బాగైన మనిషిని కదా! "సూడుండ్రి, అక్క ముఖం ఎంత కళగుందో" అని ప్రార్థనకు వచ్చినవాళ్ళు మురిసిపోయేవారు. వీళ్ళ కళ్ళు ఏమయ్యాయి అని లోపల మండిపోయేది. జబ్బు ఉంటే ఉందని చెప్పుకోవచ్చు. పోయిందని ఊరందరి ముందు చెప్పిన జబ్బును ఎవరికి చెప్పుకోను?

అట్లాంటి రోజుల్లో ఒక శుక్రవారం చేగుంట నుంచి ఒక అమ్మాయిని వాళ్ళ వదిన వెంటబెట్టుకుని వచ్చింది. నా సాక్ష్యం చేగుంటదాకా పోయిందట. ఆ పిల్లకు ముప్ఫై కూడా ఉండవు, జుట్టు దువ్వుకుని ఎన్నాళ్ళైందో. ఒక జబ్బు నుంచి బాగైనవాళ్ళు అదే జబ్బున్నవాళ్ళ తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చెయ్యడం మా ఇంటి ప్రార్థనల్లో ఆనవాయితీ. అత్తమ్మ నన్ను పిలిచింది. "రా బిడ్డా, నువ్వే చెయ్యి వెట్టు."

పెట్టాను. ఆమె తలెత్తి నన్ను చూసింది. రోజూ మా ఇంటి అద్దంలో నన్ను చూసే కళ్ళే అవి. చుట్టూ అందరూ ఒక్కసారి గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టారు. ఆ సందట్లో ఆమె నాకు మాత్రమే వినబడేటట్టు అడిగింది.

"అక్కా, నిజంగ పోయిందా? మల్ల రాదా?"

అవునంటే ఈ పిల్ల ఇంటికి పోయి ఏం చేస్తుంది? అందరికీ పోయిన జబ్బు నాకే ఎందుకు పోలేదు, దేవుడికి నేనే చేదయ్యానా అనుకుంటూ నాలాగే చీకట్లో కూరుకుపోతుంది.

"పోలే," అన్నాను. "నాకు తగ్గలే."

పక్కవాళ్ళు విన్నారు. ప్రార్థన తడబడింది. ఎవరో పెద్దామె, "అలిసిపోయింది పాపం" అంటూ పాట ఎత్తుకుంది. అందరూ చప్పట్లతో అందుకున్నారు. నా మాట ఆ పాటలో మునిగిపోతుంటే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నీళ్ళ చెంబు ఎత్తడానికి ఓపిక లేనిదాన్ని, ఇల్లు అదిరేటట్టు అరిచాను.

"ఆపుండ్రి! నాకు తగ్గలేదంటే పాడుతరేంది? గోళీలు బందువెట్టి సచ్చేటట్టున్న నేను. ఇంటున్నరా? నాకు బతుకబుద్దయితలేదు!"

పాట ఆగింది. చేగుంట పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అత్తమ్మ లేచి నా ఎదురుగా వచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నాను.

"గోళీలు ఎవలు బందువెట్టమన్నరే నిన్ను?"

"మీరే గద అత్తమ్మా! మందు లేకుంటనే బాగైందని నేను సాక్ష్యం చెప్తుంటే మీరు ఎంత ఏడ్సిండ్రు! మల్ల మీ ముంగట నేను గోళీ ఎట్ల మింగాలె?"

ఆమె నా రెండు భుజాలు పట్టుకుంది.

"నువ్వు లేచి నిలవడ్డవని ఏడ్సిన బిడ్డా. నువ్వేం చెప్పినవో నేను ఇననే లేదు."

నేను అక్కడే కూలబడ్డాను. ఎన్నాళ్ళుగానో రాని ఏడుపు వచ్చింది. అత్తమ్మ రోజూ పొద్దున బీపీ గోళీ వేసుకున్నాకే ప్రార్థనకు కూర్చుంటుంది, నా కళ్ళతో నేనే చూస్తున్నాను. ఆమె బీపీకి ఒక న్యాయం, నా తలకాయకు ఒక న్యాయం అని ఎందుకు అనుకున్నాను? ఎవరూ అడగని మాటకోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నాను. తల గోడకు కొట్టుకోవాలనిపించింది.

"అక్కా, రేపు నేను గూడ నీ ఎంబడి దవాఖానకు వస్త" అంది చేగుంట పిల్ల, నేల చూపులు చూస్తూ. వాళ్ళ వదిన కాదనలేదు. వాళ్ళిద్దరూ బస్సుకు పోయారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి, వందనాలు కూడా చెప్పకుండా చెప్పులు వేసుకున్నారు.

నా భర్తకు ఆ రాత్రి డిపోలో డ్యూటీ, ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. "పొద్దుగాలనే దవాఖానకు పోదాం" అంది అత్తమ్మ. పోదాం సరే, పోయినా మళ్ళీ మొదటి నుంచి ఆ వారాలన్నీ గడవాలి. వారాల సంగతి తర్వాత, ముందు తెల్లవారేదాకా నేను ఉంటానా అని నా మీద నాకే నమ్మకం లేదు. ఆ మాట మింగబోయి, పైకే అనేశాను.

"నాకు పొద్దుగాలదాక గూడ భయమైతుంది అత్తమ్మా."

ఆమె లోపలికి పోయి రెండు దిండ్లు తెచ్చి పక్కపక్కన వేసింది.

"అయితే గిక్కడ్నే నా పక్కకు పండు. నీ చెయ్యి నేను పట్టుకున్నంక ఏడికి పోతవో సూస్త" అంది.