కుండలో స్కేలు

నాకు నోరెక్కువ అని అమ్మ చుట్టాలందరికీ చెప్పేది. అబద్ధమేం కాదు. డెబ్బైల చివర ఒక వేసవిలో, ఆ నోటితోనే అమ్మను దొంగను చేశాను.

అప్పుడు హిందీ మాట్లాడే ఊళ్ళో, ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ళ అగ్రికో కాలనీలో రెండు గదుల క్వార్టర్ మాది. నాన్న, అమ్మ, నేను. నాన్న ఇరవయ్యేళ్ళు ఫర్నేసు దగ్గర పనిచేసిన మనిషి. ఆ వేడికి చెంబులకు చెంబులు నీళ్ళు తాగడం అలవాటు. అలాంటి మనిషికి కిడ్నీలు పాడయ్యాయని, ఇక రోజుకు నాలుగు గ్లాసుల నీళ్ళేనని డాక్టరు చెప్పాడు.

మే నెల వడగాలిలో, మంచం మీద పడుకుని, నాన్న నీళ్ళ చప్పుడు వినేవాడు. వంటింట్లో గ్లాసు కింద పెడితే చాలు, "ఏటి తాగుతున్నావు?" అని అడిగేవాడు. తిట్టడం కాదు, ఊరికే అడగడం. తిట్టినా బాగుండేది. ఇంట్లో తాగే నీళ్ళకు ఉన్న ఒక్క కుండను అమ్మ తలుపు వెనక్కి జరిపింది. కుళాయి మూతికి పాత చీర పేలిక కట్టింది, నీళ్ళు గుడ్డ వెంట చప్పుడు కాకుండా బిందెలోకి దిగాలని. నేను చూసి నవ్వాను.

"కుళాయికి కట్టు కట్టావేంటి, దెబ్బ తగిలిందా?"

అమ్మ నవ్వలేదు.

నేను పక్కనే ఉన్న సీతారాండేరాలో చిన్నపిల్లల బడిలో టీచర్ని. ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న కాళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. అమ్మది మెత్తని మనసు. జాలిపడి చాటుగా నీళ్ళు పోస్తోందని అనుకున్నాను. అనుకున్నాక ఇంకేముంది, నా నోరు ఆగదు.

"సచ్ బోలో అమ్మా, నిజం చెప్పు, నీళ్ళిచ్చావా?" కోపమొస్తే నాకు హిందీయే ముందొచ్చేది.

"లేదే. నీ మీద ఒట్టు."

"మరి ఆ కాళ్ళేంటి?"

"నాకేటి తెలుసే?"

నేను నమ్మలేదు. మర్నాడు పొద్దున్న బడిలో వాడే చెక్క స్కేలు కడిగి, నిండు కుండలో నిలువుగా ముంచి, నీళ్ళు తాకిన చోట పెన్సిల్‌తో గీత గీశాను. సాయంత్రం దాకా నాన్నకు ఇవ్వాల్సినవి మూడు గ్లాసులు. ఆ మూడూ తీసి మళ్ళీ ముంచి, రెండో గీత గీశాను. తీసిన నీళ్ళు తిరిగి కుండలో పోసేశాను. అమ్మ పక్కనే నిలబడి చూస్తూ ఉంది. లెక్క చెడకూడదని నేను ఇంట్లో గుక్కెడు కూడా తాగకుండా బడికి పోయాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సాయంత్రం చెప్పులు విడవగానే స్కేలు ముంచాను. నీళ్ళు సరిగ్గా రెండో గీత మీద ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు. అమ్మ దొంగ కాదు! వెళ్ళి వెనకనుంచి వాటేసుకుని, తప్పయిపోయిందన్నాను.

"నమ్మినావు కదా, అదే సాలు," అంది అమ్మ. ఆమె ఒళ్ళు వేడిగా ఉంది. పొయ్యి వేడి అనుకున్నాను.

మర్నాడు బడిలో ఉండగా పక్క క్వార్టరామె పరుగున వచ్చింది. అమ్మ వంటింట్లో పడిపోయింది. రిక్షాలో ఆస్పత్రికి తీసుకుపోయాం. డాక్టరు అమ్మ చేతి మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలాడు. అది కిందికి దిగలేదు. రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతుందని హిందీలో నన్నడిగాడు.

నాన్నవైతే గుక్కలతో సహా చెప్పగలను. అమ్మవి? అప్పుడు గుర్తొచ్చింది కుండ. తగ్గింది మూడు గ్లాసులు. మూడూ నాన్నవి. నేను తాగింది బడిలో. ఆ ఎండలో, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, అమ్మ ఒక్క చుక్క తాగలేదు. సాక్ష్యం నా చేతిలోనే పెట్టుకుని, నేను సంతోషించాను.

"ఇలాగే సాగితే ఈవిడ కిడ్నీలూ దక్కవు," అన్నాడు డాక్టరు.

సెలైన్ ఎక్కాక అమ్మ కళ్ళు తెరిచింది.

"ఎందుకమ్మా?" అన్నాను.

"మీ నాన్న ఇంటాడే. ఆయన నాలిక పీక్కుపోతా ఉంటే నానెలా తాగీది? నిద్రోయినప్పుడు తాగుతాను."

"నిద్రపోకపోతే?"

అమ్మ మొహం అటు తిప్పుకుంది. ఒళ్ళంతా దురదలతో నాన్నకు పగలు నిద్ర పట్టడం మానేసి పది రోజులైంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాన్నకు అంతా చెప్పాను. నాన్న ఆ పూట తన నాలుగో గ్లాసు ముట్టలేదు.

మూడో రోజు అమ్మ ఇంటికొచ్చింది. వస్తూనే తలుపు వెనక కుండ దగ్గరికి వెళ్ళబోయింది.

"గ్లాసు ఇలగ తే," అన్నాడు నాన్న. "ఇక్కడ కూకోని తాగు."

అమ్మ గ్లాసు తెచ్చుకుని మంచం పక్కన, నాన్నకు వీపు పెట్టి కూర్చుంది.

"ఇటు తిరుగు. నాను సూడాల."

అమ్మ తిరిగింది. గ్లాసెత్తి, కళ్ళు మూసుకుని, గటగటా తాగడం మొదలుపెట్టింది. నాన్న రెప్ప వేయకుండా చూశాడు. ఆమె మింగిన ప్రతిసారీ, ఎండిన గొంతుతో, తనూ గుటక వేశాడు.