కుంటకట్ట పందికొక్కులూ, మా జామతోట గాలి తుపాకీ

ఈ సంగతి మొదట మా ఇంటికి మోసుకొచ్చినవాడు మాణిక్యప్ప. జహీరాబాద్ దిక్కు నుంచి అల్లం బస్తాలతో వికారాబాద్ వచ్చే మనిషి. మా చెల్లెలు శారద అత్తవారి ఊరివాడే కాబట్టి, వచ్చినప్పుడల్లా మా ఇంట్లో చల్ల తాగి అక్కడి కబుర్లు చెప్పి పోతుంటాడు. ఆ డిసెంబరు ఆఖర్లో మాత్రం చల్ల గ్లాసు ముట్టకుండా, నిలబడే చెప్పాడు.

"అక్కా, బస్వరాజ్ కాలు ఇరిగింది. కుంటకట్ట మీద నడుస్తుంటె పందికొక్కు బొక్కల దిగబడ్డది. కట్టంత జల్లెడ లెక్కయింది. నీళ్లు కారుతున్నయి."

బస్వరాజ్ అంటే శారద భర్త. ఆ కుంట వాళ్ల సొంత పొలంలోది. కింద రెండెకరాల చెరుకు, అర ఎకరం అల్లం ఉన్నాయి. ఉగాది దాకా ఆ నీళ్లే దిక్కు. కట్ట తెగిందంటే ఒక్క పూటలో అల్లం కొట్టుకుపోతుంది, ఆ తర్వాత చెరుకు ఎండిపోతుంది.

"గవి మన ఎలుకలు గావక్కా," అన్నాడు మాణిక్యప్ప. "మూడేండ్ల కింద చెరుకు లారీలల్ల వచ్చినయంటున్రు. పిల్లికూనంత ఉంటయి. నీళ్లల్ల ఈత గొడ్తయి. బోన్లకు చిక్కయి, మందు బెడితె మూతి బెట్టయి."

మావారు గోడ మీది గాలి తుపాకి వైపు చూశారు. జామతోటలో చిలకల్ని బెదిరించడానికి కొన్నది అది. నేను బడికి పోలేదు. అక్షరాలు మా నాన్నగారు ఇంట్లోనే దిద్దించారు, గురి మావారు తోటలోనే నేర్పారు. ఇద్దరికీ మనసులో దండం పెట్టుకుంటూనే ఉంటాను. జామకాయలు దిగే రోజులు కావడంతో ఆయన కదలలేరు. "నువ్వే పోయి రా. మాణిక్యప్ప తోడుంటాడు," అన్నారు. నా గుండె చిన్నపిల్లదానిలా ఎగిరింది.

మరునాడు ఉదయం ఏడున్నర ప్యాసింజరు ఎక్కాం. తుపాకిని దుప్పటిలో చుట్టి, ఆ దుప్పటిని చాపలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దామె ఆ పొడుగుకేసి కాసేపు చూసింది.

"ఏందమ్మా గది, తంబురనా? భజనకు వోతున్నవా?"

నేను నవ్వి చాపను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

"అయితె ఒకటి పాడు."

తప్పలేదు. మర్పల్లి దాకా మా నాన్నగారు నేర్పిన దత్తాత్రేయ కీర్తనలు రెండు పాడాను. మాణిక్యప్ప కిటికీలోంచి బయటికి చూస్తూ భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. కోహిర్ స్టేషన్లో బుట్ట జామపండ్లు కొన్నాను. మాకు తోట ఉన్నా సరే, ఆ నేల రుచి వేరు. ఈ దారిన వెళ్లేవాళ్లు అక్కడ కొనకుండా పోకండి.

పది నలభైకి జహీరాబాద్‌లో దిగాం. బస్టాండు పక్కన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. పన్నెండు గంటల బస్సుకు ఝరాసంగం చేరాం. మధ్యాహ్నం సంగమేశ్వర స్వామి గుడి మూస్తారేమో అన్న భయంతో దిగగానే పరుగున పోయాం, స్వామి దయవల్ల తలుపులు తీసే ఉన్నాయి. "నా గురి తప్పనీకు. ఏ ప్రాణికీ సగం చావు రానీకు," అని సంగమేశ్వరుడికి చెప్పుకున్నాను. అక్కడి నుంచి ఊరికి ఎడ్లబండి. ఎర్రమట్టి దారి, రెండు పక్కలా కంది చేలు, గంటంపావు ప్రయాణం.

శారద నన్ను చూడగానే గట్టిగా కౌగిలించుకుంది. బస్వరాజ్ కాలికి కట్టుతో నులకమంచం మీద ఉన్నాడు. మమ్మల్ని కట్టకు తీసుకుపోయింది వాళ్లమ్మ చంద్రమ్మ. అరవై దాటిన మనిషి, మోకాళ్లు పట్టేసి ఉంటాయి, అయినా మాకంటే ముందే నడిచింది.

కట్ట నిండా బొక్కలే. చెరుకు వైపు అడుగున ఒకచోట వేలంత ధారగా నీళ్లు వస్తున్నాయి.

"తేటగ వచ్చినన్ని దినాలు ఫికర్ లేదు," అంది చంద్రమ్మ. "మట్టితోని వచ్చిందనుకో, కట్ట లోపల తింటున్నట్టు. ఊరోళ్లు కనబడ్డ బొక్కనల్ల మూసిన్రు బిడ్డా. గవి బయటికొచ్చే తొవ్వ లేక పక్కన ఇంకోటి తవ్వినయి. మూసినకొద్దీ ఎక్కువైనయి."

పొద్దు వాలుతుండగా ఒకటి నీళ్లలో దిగింది. నల్లటి తల, వెనక సన్నటి గీత. నీటి మీద కాల్చకూడదు, గుండు జారి ఎటు పోతుందో తెలియదు. అది రాయి మీదికి ఎక్కేదాకా ఊపిరి బిగబట్టి, చెవి వెనక గురిపెట్టి కొట్టాను. తుస్సుమంది. గుండు సగం దూరంలోనే నీళ్లలో పడింది.

చంద్రమ్మ నా మొహం చూసింది. "గిది బందూకా బిడ్డా, స్టవ్ పంపా?"

శారద పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గాని, లోపల చచ్చినంత సిగ్గు.

తుపాకి విప్పి చూస్తే లోపలి తోలు వాషరు ఎండి బీటలిచ్చింది. మరునాడు ఉదయం బస్సుకు మళ్లీ జహీరాబాద్ పోయాం. బజారులో స్టవ్‌లు బాగుచేసే ముసలాయన దాన్ని కళ్లద్దాల దగ్గర పెట్టుకుని చూసి, కొత్త తోలు గుండ్రంగా కోసి, పల్లీ నూనె గిన్నెలో వేశాడు.

"రేపటిదాంక నూనెలనే నానాలమ్మా. జల్దీ జేసిన్రంటె మళ్ల తుస్సే," అన్నాడు.

ఆ గిన్నెను ఒళ్లో పెట్టుకుని, బస్సు కుదుపులకు ఒక్క చుక్క ఒలకకుండా ఇల్లు చేర్చాను. ఆ సాయంత్రానికి చేయగలిగింది లేదు.

మూడో రోజు ఎల్లమాస. మా వైపు అంతగా లేదు గాని, కన్నడ సరిహద్దు ఊళ్లకు పెద్ద పండుగ. అమావాస్యనాడు ఇంటిల్లిపాదీ పొలానికి పోతారు. జొన్న దంట్లతో చిన్న గుడిసె కట్టి, అయిదు రాళ్లకు సున్నం పూసి పంచపాండవులని మొక్కుతారు. సజ్జ రొట్టెలు, ఆవిరి మీద ఉడికించిన కడుబులు, పచ్చి శనగలూ అనుములూ ఆకుకూరలూ కలిపి ఉడికించిన బజ్జీ. ఆ బజ్జీలో ఎన్ని రకాలు పడ్డాయో అడిగితే శారద వేళ్లు మడుస్తూ మధ్యలో మరిచిపోయింది. తిన్న తర్వాత మజ్జిగ కలిపిన బువ్వను పొలం చుట్టూ చల్లుతారు. ఒకరు ముందు నడుస్తూ పిలుస్తారు, వెనకవాళ్లు బదులు పలుకుతారు. ఆ పొలంలో తిరిగే పిట్టకూ పురుగుకూ, నోరున్న ప్రతిదానికీ ఆ పూట అన్నానికి పిలుపే. బస్వరాజ్‌ని మంచంతో సహా బండి మీద తెచ్చాం.

బువ్వ చల్లి వచ్చేసరికి మాణిక్యప్ప కట్ట కింద నిలబడి ఉన్నాడు. "అక్కా, ఇట్ల రా జర."

ధార ఎర్రగా ఉంది. మట్టితో వస్తోంది.

నూనెలో నానిన వాషరు ఆ ఉదయమే బిగించాను. అగ్గిపెట్టెకు గురి చూసుకుంటే ఇరవై అడుగుల్లో అవతలికి దూసుకుపోయింది. తుపాకి నింపి కట్ట వైపు తిరిగాను. అప్పుడే కనిపించాయి. ఇంకా ఎండ ఉండగానే ఒకటి, రెండు, ఆరు. చల్లిన బువ్వ కోసం గట్టు వెంట బయటికొచ్చాయి. అంత సులువైన గురి నా జన్మలో దొరకలేదు. వేలు బిగిస్తున్నాను. గొట్టం మీద ఒక అరచెయ్యి పడింది. చంద్రమ్మది.

"ఇయ్యాల వద్దు బిడ్డా."

"అత్తా, మట్టి వస్తుంది గదనే," అంది శారద. "కట్ట వోతె ఏం జేస్తం?"

"మనమే పిలిచి పెట్టినం. తిననొచ్చిన దాన్ని ఎట్ల గొడ్తవు? రేపు గొట్టు, నేనే జూపిస్త."

"రేపటిదాంక కట్ట ఉంటదా అమ్మా?" అన్నాడు బస్వరాజ్ బండి మీంచి.

ఆమె గొట్టం మీది చెయ్యి తియ్యలేదు. నేను తుపాకి దించాను. నిజం చెప్పాలంటే మనసులో కోపమే ఉంది. దేవుణ్ణి నమ్మేదాన్నే గాని, ఆ ఎర్రటి నీళ్లు చూస్తూ ఊరుకోవడం కష్టమైంది.

అవి తింటున్నంతసేపూ చంద్రమ్మ వాటినే చూస్తూ కూర్చుంది. తర్వాత ఇంటికి పోయి, పొయ్యిలో బూడిద జల్లించి గంపెడు తెచ్చింది. ఆ పట్టేసిన మోకాళ్ల మీదే కట్ట పొడుగునా జరుగుతూ ప్రతి బొక్క ముందరా పల్చగా చల్లింది. నలభైకి పైనే. నేను గంప పట్టుకుంటానంటే వద్దంది. నడుమ ఒకసారి ఆగి, "కడుపునిండ తిన్నయి గద. ఇగ ఇంటికి వోతయి. ఇల్లేదో జూద్దాం," అంది.

అప్పుడు నా తలకు తట్టింది. ఊళ్లోవాళ్లు అన్ని బొక్కలూ మూశారు గాని, ఎందులో కాపురమో ఎవ్వరూ చూడలేదు. నేను ఆ ఎండలో ఒకదాన్ని కొట్టి ఉంటే మిగతావి వారం దాకా బయటికి రావు.

మరునాడు తెల్లవారి ఆరున్నరకు అందరం కట్ట మీద ఉన్నాం. బూడిదలో అడుగులున్నవి ఏడంటే ఏడు బొక్కలు. నీటి అంచున రాయి కిందిదానికి తోక ఈడ్చిన గీత కూడా స్పష్టంగా ఉంది. మట్టి నీళ్లు పోయేది దాంట్లోంచే. ఉత్తవాటిని రాళ్లతో, నల్లమట్టితో గట్టిగా దట్టించాం. అడుగులున్న ఏడింటిలో ఆరింట్లోకి మాణిక్యప్ప ఎండుమిరపకాయల పొగ పెట్టాడు. రాయి కిందిది తెరిచి ఉంచి, పది అడుగుల దూరంలో గడ్డి మీద బోర్లా పడుకున్నాను.

మొదటిది తల బయటపెట్టింది. సంగమేశ్వరా అనుకుని నొక్కాను. అక్కడే ఒరిగింది, కాలు కూడా కొట్టుకోలేదు. పక్కన శారద గుండ్లు అందిస్తూ "ఇంకోటి వస్తుంది, ఇంకోటి," అని గుసగుసలాడుతోంది. పదిన్నరకల్లా పదకొండు. ఆ తర్వాత గంటసేపు కాచినా ఏదీ రాలేదు.

అప్పుడు రాయి పెకిలించి చెయ్యంత లోతు తవ్వి, మట్టి ముద్దలు కుక్కి, శారదా మాణిక్యప్పా ఎక్కి తొక్కారు. మూడు గంటలకు ధార సన్నగిల్లింది. నాలుగింటికి తేటబడింది. చీకటి పడకముందే నిలిచిపోయింది. చంద్రమ్మ తడి మట్టి మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచింది.

"ఆగింది," అంది. ఆ రోజూ బండి మీదే వచ్చిన బస్వరాజ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

చచ్చినవాటిని చెరుకు మొదట్లో గుంట తీసి పూడ్పించింది ఆమె. మట్టి కప్పేముందు గుప్పెడు బువ్వ వేసింది.

అయిదో రోజు ఉదయం ఎనిమిది గంటల బస్సుకు బయలుదేరి, జహీరాబాద్‌లో తిరుగు ప్యాసింజరు ఎక్కాను. మూటలో శారద కట్టిచ్చిన నువ్వుల రొట్టెలు, ఒళ్లో చాప చుట్ట. కోహిర్‌లో ఎక్కిన ఒకాయన పక్కవాళ్లకు చెబుతున్నాడు.

"ఝరాసంగం దిక్కు ఎవరో మిలిట్రీ ఆమె వచ్చిందంట. ఒక్క దినంల వంద పందికొక్కులను గొట్టిందంట. కట్ట నిలబడ్డది."

"వంద కాదు, పదకొండు," అన్నాను.

"నీకెట్ల ఎరుకమ్మా?"

"ఆ ఊళ్లోనే ఉన్నాను. బూడిద చల్లినామె సంగతి చెప్పారా మీకు?"

"బూడిదేంది?" అన్నాడాయన.

ఒక్క రాత్రిలో కబురు కోహిర్ దాకా వచ్చింది, తుపాకి వచ్చింది, వంద పందికొక్కులు వచ్చాయి. బూడిద చల్లినామె మాత్రం రాలేదు. వికారాబాద్ దాకా ఆయనకు మొత్తం కథ మొదటి నుంచి చెప్పాను. మీకూ అందుకే రాస్తున్నాను. ఝరాసంగం దర్శనానికి పోయేవాళ్లు, ఆ ఎర్రమట్టి దారిలో నీళ్లు నిలిచిన కుంటా దాని కింద పచ్చటి చెరుకూ కనిపిస్తే, నన్ను తలవకండి. గురి చూడటం ఎవరైనా నేర్చుకుంటారు. కట్ట పోతుందని తెలిసీ, తాను పిలిచిన నోటికి ఆ పూట అన్నం పెట్టి, మోకాళ్ల మీద నలభై బొక్కల ముందు బూడిద చల్లిన చంద్రమ్మను ఒక్కసారి తలుచుకోండి.