అమ్మకు స్కూటీ నేర్పిన మా హారిక

మా హారిక మెట్లు దిగుతుంటే కింద వాటా వాళ్లు తిట్టేవారు. అంత చప్పుడు. మూడేసి మెట్లు దూకేది. అలాంటి పిల్ల ఒక ఆదివారం పొద్దున గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగుతూ కనిపించింది. నేను బండి తుడుస్తూ తలెత్తి చూశాను.

"ఏటయిందే?" అని పైనుంచి వాళ్లమ్మ పార్వతి అడిగింది.

"కబడ్డీలో తగిలిందమ్మా. తగ్గిపోద్దిలే" అంది హారిక.

నేను విశాఖ పోర్టులో క్రేన్ ఆపరేటర్‌ని. మాది విజయనగరం వైపు పల్లె. ఉద్యోగం వచ్చాక మల్కాపురంలో కాపురం పెట్టాం. హారిక ఇక్కడే పుట్టింది. ఒక్కతే పిల్ల. అప్పుడు ఎనిమిదో తరగతి, స్కూలు కబడ్డీ టీములో ఉండేది. కాబట్టి మోకాలి నొప్పి మాకు వింతగా అనిపించలేదు. బామ్ రాశాం, క్రేప్ బ్యాండేజ్ కట్టాం.

కానీ ఆ నొప్పి తీరు వేరు. ఆటలో తగిలిన నొప్పి పడుకుంటే తగ్గాలి. దీనికి పడుకుంటే పెరిగేది. కొన్నాళ్లకు మోకాలి పైన వాపు వచ్చింది. చెయ్యి వేస్తే వెచ్చగా ఉండేది. పార్వతి తమ్ముడు సూరిబాబు ఆటో నడుపుతాడు. అతను వచ్చి చూసి, "బావా, భీమిలిలో నరం లాగి సరిసేసే ఆయనున్నాడు. రేపు తీసుకెల్దాం" అన్నాడు. దానికి ముందు ఒక ఎక్స్‌రే తీయించుకుందామని ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాం.

ఆయన ఫిల్మ్ లైటు మీద పెట్టి చూశారు. పాపను బరువు చూపించుకు రమ్మని బయటికి పంపారు. 

"ఎముకలో ఏదో ఉంది. పరీక్షలు కాకుండా నేను పేరు చెప్పను. ఎమ్మారై, బయాప్సీ చేయించండి, ఆలస్యం వద్దు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, దాన్ని ఎవరి చేతా మర్దనా చేయించకండి" అన్నారు.

బయాప్సీ రిజల్ట్ కోసం ఎదురుచూసిన రోజుల్లో నాకు కూర్చోవడం పోయింది. నా ఉద్యోగమే కూర్చుని చేసేది. పైన కేబిన్‌లో షిఫ్టంతా కదలకుండా కూర్చుని కంటైనర్లు ఎత్తి దించుతాను. కిందికి దిగానంటే మాత్రం కాళ్లు ఆగేవి కావు. ఆస్పత్రిలో లిఫ్టు నుంచి క్యాంటీన్ దాకా, క్యాంటీన్ నుంచి లిఫ్టు దాకా నడుస్తుంటే వాచ్‌మన్ ఆపి, "ఏటి సార్, ఏటన్నా పోయిందా?" అని అడిగాడు. జేబులు తడుముకుని, ఏమీ పోలేదన్నాను.

కాన్సర్ డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. "ఆస్టియోసార్కోమా. ఎముకకు వచ్చే కాన్సర్. మీరు పెట్టిన తిండి వల్ల రాలేదు, కబడ్డీ వల్లా రాలేదు. ఛాతీ సీటీ స్కాన్ ప్రస్తుతానికి క్లియర్‌గా ఉంది, ఊపిరితిత్తులకు పాకలేదు. ముందు కీమో, తర్వాత సర్జరీ, మళ్లీ కీమో. మనం క్యూర్ కోసమే ట్రీట్ చేస్తున్నాం."

నాకు చివరి మాట ఒక్కటే వినిపించింది. క్యూర్. దాన్ని లోపల నములుకుంటూ బండి నడిపాను. పార్వతి వెనక కూర్చుని ఇల్లు చేరేదాకా నా చొక్కా వదల్లేదు.

కీమో మందులు ఎక్కించడానికి ఛాతీ దగ్గర చర్మం కింద చిన్న పరికరం అమర్చారు. దాన్ని వాళ్లు పోర్ట్ అంటారు. ఆ మాట విని హారిక పకపకా నవ్వింది. "నాన్నా, నువ్వూ పోర్టే, నానూ పోర్టే. నా డ్యూటీ ఏ షిఫ్టో అడుగు" అంది. నర్సులు అప్పట్నుంచి సెలైన్ పెట్టినప్పుడల్లా, "ఏ షిప్పు వచ్చిందమ్మా ఇవాళ?" అని అడిగేవారు.

జుట్టు రాలుతుందని చెప్పగానే తనే సెలూన్‌కి వెళ్దామని పట్టుబట్టి పొట్టిగా కత్తిరించుకుంది. అది తేలిగ్గానే తీసుకుంది. నోటి పుళ్లు మాత్రం ఏడిపించాయి. ఉమ్మి మింగడానికి కూడా గుడ్లనీళ్లు కుక్కుకునేది. పార్వతి పెరుగన్నం మెత్తగా మిక్సీ పట్టి, చల్లబెట్టి, చెంచాతో పెట్టేది. మూడు చెంచాలు దిగితే ఆ పూట పండగ. మధ్యలో రక్తకణాల కౌంట్స్ పడిపోయి జ్వరం వచ్చేది. "జ్వరం వంద దాటితే ఇంట్లో పారాసిటమాల్ వేసి ఊరుకోవద్దు, వెంటనే రండి" అని డాక్టరమ్మ ముందే చెప్పారు. సూరిబాబు ఆ నెలల్లో దూరపు బేరాలు మానేసి, ఫోన్ చేస్తే ఆటో తిప్పుకుని వచ్చేవాడు.

ఇంట్లో నేను చెయ్యని పని లేదు. కారని కుళాయి విప్పి బిగించేవాణ్ని. ఫ్యాను రెక్కలు తుడిచేవాణ్ని. ఒకరోజు స్పానర్ పట్టుకుని మంచం కిందికి దూరితే హారిక పైనుంచి తల వంచి చూసింది.

"మంచం బోల్టులు నిన్ననే బిగించావు నాన్నా. నా దగ్గర ఒకసారి కూసో."

కూర్చున్నాను. కాలు ఆడుతూనే ఉంది. తను తన చెయ్యి నా మోకాలి మీద వేసి నొక్కి పట్టుకుంది.

సర్జరీ చేసి, జబ్బు పట్టిన ఎముక తీసి దాని చోట లోహపు ఇంప్లాంట్ పెట్టారు. కాలు నిలిచింది. వాకర్‌తో, తర్వాత కర్రతో నడక నేర్చుకుంది. మళ్లీ కీమో. అదీ అయింది. తొమ్మిదో తరగతిలో చేరింది. స్కూల్లో పిల్లలు చప్పట్లు కొట్టారట. సాయంత్రం ఆ సంగతి చెప్తూ సిగ్గుపడింది.

ఆ తర్వాతి చెకప్‌లో డాక్టరమ్మ సీటీ చూశారు. తెరను మావైపు తిప్పారు. "రెండు ఊపిరితిత్తుల్లోనూ నాడ్యూల్స్, అంటే చిన్న గడ్డలు, ఉన్నాయి. సర్జరీతో తీయగలిగినన్ని కావు. వేరే మందు ప్రయత్నిద్దాం. కానీ ఈసారి క్యూర్ అనే మాట నేను అనలేను."

ఆ మందూ వాడాం. అది కొంతకాలం పని చేసిందో, అసలు చెయ్యలేదో నాకు తెలియదు. ఊపిరితిత్తుల్లో గడ్డలు పెరిగాయి. నేను స్కాన్ సీడీలన్నీ సంచిలో వేసుకుని ఊళ్లో ఉన్న ఆస్పత్రులు తిరిగాను. హైదరాబాద్ వెళ్లాను. అక్కడ ఒక పెద్ద వయసు డాక్టర్ అన్నీ చూసి, కళ్లజోడు తీసి, "మీ డాక్టర్ చెప్పిందే నేనూ చెప్తాను. ఈ తిరుగుడు ఆపి పాప దగ్గర ఉండండి బాబూ" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. తిరుగు రైల్లో సీటు ఉండి కూడా తలుపు దగ్గర నిలబడే వచ్చాను. విశాఖ చేరేసరికి ఆ కోపం పోయి, ఆయన చెప్పిన మాట ఒక్కటే మిగిలింది.

పిల్లకు చెప్పాలా వద్దా అన్నది మా ఇద్దరి మధ్య పెద్ద గొడవ అయింది. "వొద్దు. సెప్తే ఆ బయంతోనే పోద్ది పిల్ల" అనేది పార్వతి. పద్నాలుగేళ్ల పిల్ల దగ్గర దాచడం ఎలాగో నాకు తెలియదు, చెప్పడం ఎలాగో అంతకన్నా తెలియదు. చివరికి తనే మమ్మల్ని పిలిచింది.

"మీరిద్దరూ వంటింట్లోకెల్లి గుసగుసలాడతన్నారు. నాకినపడదనుకుంటన్నారేటి?" అంది. తర్వాత నావైపు తిరిగింది. "నాకు తగ్గదా నాన్నా?"

పార్వతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మంచం అంచున కూర్చున్నాను.

"తగ్గించే మందు ఇంక లేదంట అమ్మా."

"అయితే సచ్చిపోతానా?"

"అవునమ్మా. ఎప్పుడన్నది ఎవరికీ తెలీదు."

ఏడ్చింది. ముగ్గురం ఏడ్చాం. చాలాసేపటికి ముక్కు తుడుచుకుని, "బాగా నొప్పెడతాదా?" అని అడిగింది. 

ఆ ప్రశ్నే మర్నాడు డాక్టరమ్మకు చెప్పాను. ఆమె మమ్మల్ని అదే ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ డాక్టర్, అంటే నొప్పీ బాధా తగ్గించే డాక్టర్ దగ్గరికి పంపారు. కుర్రాయన. మాతో కాదు, కుర్చీ లాక్కుని హారికతో మాట్లాడాడు. నొప్పి ఎక్కడ, ఎప్పుడు, దేనివల్ల నిద్ర లేస్తోంది, అన్నీ పిల్లనే అడిగాడు. "నొప్పి రాకుండా చూసే పని నాది. వస్తే నాకు చెప్పే పని నీది. సరేనా?" అన్నాడు. మార్ఫిన్ రాశాడు.

పార్వతి ఉండబట్టలేక, "అది మత్తు మందు గదా బాబూ? పిల్ల పడిపోద్దేమో" అంది.

"మొదటి రోజుల్లో మగతగా ఉంటుందమ్మా, తర్వాత సర్దుకుంటుంది. విరేచనం గట్టిపడుతుంది, దానికి వేరే మందు ఇస్తున్నాను, అది మానొద్దు. అలవాటైపోతుందని భయపడకండి. నొప్పి ఉన్నప్పుడు వాడేది మందే" అన్నాడాయన.

మా హారిక ఎన్నాళ్లకో కంటి నిండా నిద్రపోయింది. మగత తగ్గాక ఒక పొద్దున లేచి, "అమ్మా, సేపల పులుసు సెయ్యే" అంది. వంజరం ముక్కలు వేసి పార్వతి పులుసు చేసింది. తిన్నది కొంచెమే గానీ, గిన్నె వాసన చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత వచ్చిన రోజులు ఇవాళ్టికీ నన్ను నిలబెడుతున్నాయి. తన పుట్టినరోజుకి నేను కొనిపెడతానన్న స్కూటీ ఏమయిందని అడిగింది హారిక. తనకి నడిపే ఓపిక లేదు. అయినా సెకండ్ హ్యాండ్‌ది ఒకటి తెచ్చాను. దాన్ని చూసి, "ఇది అమ్మకి" అంది.

"నాకెందుకే? నాను సైకిలే ఎక్కలేదు ఎప్పుడూ" అని పార్వతి వెనక్కి తగ్గింది.

"నాన్న పోర్టులో ఉన్నప్పుడు నీకేటన్నా అయితే ఎవలొస్తారే? సూరి మావయ్య ఆటో కాళీగా ఉంటాదా? ఎక్కు."

మా ఇళ్ల వెనక ఖాళీ స్థలంలో ప్లాస్టిక్ కుర్చీ వేసి, తలకి స్కార్ఫ్ కట్టి హారికను కూర్చోబెట్టేవాళ్లం. నేను స్కూటీ వెనక పట్టుకుని పరిగెత్తేవాణ్ని. కుర్చీలోంచి అరుపులు. "బ్రేకట్టుకుని యాక్సిలేటర్ తిప్పకే అమ్మా!" "కాళ్లు పైకెట్టు! నడుత్తన్నావా, నడుపుతన్నావా?" "నాన్నా, వదిలెయ్, వదిలెయ్!" నవ్వొచ్చి దగ్గు తెరలు వచ్చేవి. దగ్గు ఆగాక మళ్లీ అరుపులు. పార్వతి రెండుసార్లు పడింది. మోచెయ్యి గీరుకుంది. ఒక సాయంత్రం జంక్షన్ దాకా ఒక్కతే వెళ్లి, కరివేపాకు కట్ట హ్యాండిల్‌కి తగిలించుకుని వచ్చింది. హారిక కుర్చీలో ముందుకు వంగి చప్పట్లు కొట్టింది.

తర్వాత ఆయాసం పెరిగింది. ఆక్సిజన్ మెషిన్ ఇంటికి వచ్చింది. నర్సు వచ్చి చూసి వెళ్లేది. ఆస్పత్రికి రానని హారిక గట్టిగా చెప్పింది. జరగబోయేది ఆ కుర్ర డాక్టర్ మాకు ముందే చెప్పి ఉంచాడు. "శ్వాస మారుతుంది. చూస్తుంటే మీకు ఆస్పత్రికి పరిగెత్తాలనిపిస్తుంది. ఆ క్షణంలో ముందు నాకు ఫోన్ చేయండి." చేశాం. మందు ఎంత వెయ్యాలో చెప్పి, లైన్‌లోనే ఉన్నాడు.

మధ్యాహ్నం వేళ. "ఫేను ఇటు తిప్పు నాన్నా" అంది. తిప్పి వచ్చి పాదాల దగ్గర కూర్చున్నాను. పార్వతి తల నిమురుతోంది. సూరిబాబు గుమ్మంలో నిలబడ్డాడు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. ఇంకోటి రాలేదు. నొప్పితో మూలగలేదు. ఆ రోజు నేను ఎక్కడికీ లేచి వెళ్లలేదు. తల్లిదండ్రులుగా మాకు దక్కింది అది.

ఇప్పటికి రెండేళ్లు దాటింది. నేను కుదుటపడ్డానని రాయలేను. డ్యూటీ దిగాక ఇంటికి రాలేక బండి తీసి భీమిలి దాకా పోయి, దిగకుండా వెనక్కి తిరిగేవాణ్ని.  ఒకరోజు తాళాలు తీస్తుంటే పార్వతి, "నానూ వత్తాను" అని తన స్కూటీ బయటికి తీసింది. అద్దంలో తన హెల్మెట్ చూసుకుంటూ నెమ్మదిగా నడిపాను. భీమిలిలో మొదటిసారి బండి దిగి టీ తాగాం. "అది ఉంటే ఇప్పుడు ఇంటర్లో ఉండును" అంది పార్వతి. పిల్ల గురించి ఆ మాత్రం మాట మా మధ్య అంతవరకూ రాలేదు. ఇప్పుడు వారంలో ఒకసారి ఇద్దరం వెళ్తాం. మిగతా రోజుల్లో నా కాలు ఆడుతూనే ఉంటుంది.

మా డాక్టరమ్మ అడిగితే అప్పుడప్పుడూ వార్డుకి వెళ్లి కొత్తగా వచ్చిన తల్లిదండ్రులతో మాట్లాడుతున్నాం. ధైర్యంగా ఉండమని మేం చెప్పం. మొన్న యారాడ నుంచి వచ్చిన ఒక తండ్రి కారిడార్‌లో ఆగకుండా నడుస్తున్నాడు. నేనూ పక్కన నడిచాను. కొంతదూరం పోయాక, "పాపకి రాత్రిళ్లు నొప్పి, అన్నా. డాక్టర్లని అడిగితే ఏటనుకుంటారో" అన్నాడు.

అతనికి చెప్పిందే మీకూ చెప్తున్నాను. నొప్పి తగ్గించే డాక్టర్ అంటే చివర్లో పిలిచే మనిషి కాదు. కీమో మొదలైన వారంలోనే అడగండి, జబ్బు తగ్గే పిల్లలకి కూడా అడగండి. మొహమాటపడకండి. నొప్పి ఎక్కడుందో పిల్లనే చెప్పనివ్వండి.

అతన్ని వెంటబెట్టుకుని ఆ కుర్ర డాక్టర్ గది దాకా వెళ్లి, తలుపు కొట్టాను.