లాభంతో తప్ప తెగని సంఖ్య

నా చిన్నప్పుడు, ప్రత్యేక తెలంగాణ కావాలని బడులన్నీ మూతపడ్డ ఏడాది, ఒక సంఖ్య నన్ను పగలంతా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టింది.

జనగామలో మాది ధాన్యం దుకాణం. మా తాతయ్య గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనేవాడు కాదు. మొదటి మానికకు "లాభం" అని, ఆ తర్వాతే రెండు, మూడు అనేవాడు. నాకూ అదే అలవాటైంది. బడిలో ఒకటో ఎక్కం లాభంతో మొదలుపెట్టి నవ్వులపాలయ్యాను కూడా.

ఆ రోజు స్టేషను వైపు పెద్ద ఊరేగింపు ఉంది. మా అన్న పొద్దున్నే వెళ్లిపోయాడు. నేనూ పోతానని మొండికేశాను. అమ్మ బతిమాలింది, తాతయ్య కసిరాడు. నేను వింటే కదా! అదంతా విని పక్కింటి అక్క వచ్చింది. ఆమె కాలేజీలో లెక్కలు చదివేది. బొగ్గుముక్కతో మా అరుగు మీద 9973 అని రాసింది.

"దీన్ని ఏం మిగలకుంట సమానంగ పంచు. పంచినవంటే నేనే నిన్ను తోల్కపోత."

అదెంతసేపు అనుకున్నాను. మూడుతో భాగిస్తే ఒకటి మిగిలింది. ఏడుతో ఐదు. పదకొండుతో ఏడు. పదమూడుతో రెండే మిగిలేసరికి, ఇంకేముంది దగ్గరికి వచ్చేశానని సంబరపడ్డాను. దూరం నుంచి నినాదాలు వినిపించినప్పుడల్లా గుండె అటే లాగేది, లెక్క తప్పేది, మళ్లీ మొదలు. అరుగంతా నల్లబడింది. వంద దాకా వచ్చాక అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇగ చాలు. వందను వందతోని గుణిస్తేనే దీన్ని దాటిపోతది. వందకు మించినదేదన్న దీన్ని పంచేదుంటే, దాని జోడీ నీకు వంద లోపల్నే దొరికేది."

"మరి దేనితోని పోతది?"

"మీ తాత లాభంతోని పోతది. లేకుంటే తనతోని తను. గంతే."

అంటే ఆమెకు ముందే తెలుసన్నమాట! ఒళ్లు మండిపోయింది. "నన్ను మోసం జేసినవ్" అని ఏడుస్తూ బొగ్గు చేతులతో ఆమె ఓణీ గుంజాను. అప్పుడే ఇద్దరు పిల్లలు మా అన్నను పట్టుకుని తీసుకొచ్చారు. తలకు కట్టిన తువ్వాలు నెత్తురుతో తడిసి ఉంది. లాఠీలు లేచాయట. తొక్కిసలాటలో నా ఈడు పిల్లలు కాళ్ల కింద పడిపోయారని చెబుతూ అన్న నా కోసం చుట్టూ చూశాడు. అక్క మసి అంటుతుందని చూడకుండా నన్ను దగ్గరికి తీసుకుంది. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

అన్న కోలుకున్నాడు. రాష్ట్రం వచ్చేసరికి మాత్రం మా ఇద్దరి జుట్లూ నెరిశాయి. ఇప్పుడు మా మనవరాలు 9973 ప్రధాన సంఖ్య అని ఫోనులో చిటికెలో తేల్చేస్తుంది. అంత తొందరగా తేలిపోతే ఆ రోజు నేను ఇంట్లో ఉండేదాన్నా?

బియ్యం కొలిచేటప్పుడు మొదటి డబ్బాకు ఇప్పటికీ "లాభం" అనే అంటాను. అనగానే అక్క గుర్తొస్తుంది. ఆ రోజు ఆమె మా ఇంటికి మిగిల్చిన లాభం నేనే.